కనపడని గుర్తు

పని చేయువాడు ఎవరికి జవాబు చెప్పుకొనవలెను? కూలి ఇచ్చిన యజమానికి అని కొందరందురు, తన అంతరాత్మకు అని మరికొందరందురు. కాయకమును గూర్చి జరుగు చర్చలు సైతము తరచుగా ఈ రెంటి నడుమనే తిరుగుచుండును. కాని మూడవవాడొకడు కలడు. అతని పేరు పని చేయువానికి తెలియదు, ముఖమును బహుశః ఎన్నడును చూడబోడు. అతడెవరో గ్రహించుటకు ఒక చిన్న మోటారు పనిని పరిశీలించిన చాలును.

అమెరికాలో షెవ్రొలె సంస్థ 1955లో ఎనిమిది సిలిండర్ల ఎంజిను నొకదానిని ప్రవేశపెట్టినది. ఆ వంశపు ఎంజినులు అక్కడి పాత కార్లలో నేటికిని తిరుగుచున్నవి. ఎంజిను వెనుక భాగమున డిస్ట్రిబ్యూటరు అను పరికరము ఉండును. దానిలో రోటరు అను చిన్న భాగము గుండ్రముగా తిరుగుచు ఏ సిలిండరు వంతు వచ్చిన ఆ సిలిండరుకు విద్యుత్తును అందించును. బంతిలో వడ్డించువాని పని వంటిదే ఇది. అయితే ఇచటి వడ్డన వరుస 1, 8, 4, 3, 6, 5, 7, 2. నేటి కొత్త కార్లలో డిస్ట్రిబ్యూటరు లేదు, ఆ పనిని కంప్యూటరే నడుపును. పాత వానిలో మాత్రము దాని ఇరుసు అడుగున ఉన్న పదమూడు పళ్ళ గేరు కామ్‌షాఫ్టు పళ్ళతో కలిసి తిరుగును. ఆ ఇరుసు కొననే ఆధారము చేసికొని నూనె పంపు కూడ నడచును. కావున ఈ గేరు పళ్ళు పూర్తిగా అరిగిపోయినచో నిప్పురవ్వయు, నూనెయు ఒక్కమారే ఆగును.

అరిగిన గేరును మార్చుట కష్టమైన పని కాదు. డిస్ట్రిబ్యూటరును పైకి తీసి, గేరునుండి ఇరుసులోనికి అడ్డముగా దిగిన పిన్నును కొట్టి తీసి, పాత గేరును జార్చి, కొత్తదానిని తొడిగి, కొత్త పిన్ను కొట్టవలెను. చిక్కు ఒక్కచోటనే ఉన్నది. పిన్ను రంధ్రము గేరును ఈ కొస నుండి ఆ కొసకు చీల్చుకొని పోవును గనుక గేరును రెండు విధములుగా తొడుగవచ్చును, రెండు విధములను పిన్ను చక్కగా దిగును. కాని పళ్ళు పదమూడు, అనగా బేసి సంఖ్య. ఒక వైపున పన్ను ఉన్నచోట దానికి సరిగా ఎదురువైపున సందు ఉండును. తిరగేసి తొడిగినచో అర పన్ను తేడా వచ్చును. అది డిస్ట్రిబ్యూటరు ఇరుసు లెక్కలో సుమారు 14 డిగ్రీలు, ఎంజిను ప్రధానపు ఇరుసు లెక్కలో సుమారు 28. ఈ పొరపాటు జరుగకుండుటకే గేరు మీద ఒక చిన్న గుంట గుర్తుగా ఉండును. రోటరు కొన ఏ వైపు చూచుచున్నదో ఆ గుంటయు ఆ వైపుననే ఉండవలెను.

ఒక మెకానిక్కు గేరును తిరగేసి బిగించి, డిస్ట్రిబ్యూటరును ఎంజినులో దింపిన పిమ్మట పొరపాటును గుర్తించినాడనుకొందము. పాత డిస్ట్రిబ్యూటరు ఒంటిని కొంచెము పక్కకు తిప్పి బిగించినచో, తిరుగుటకు చోటున్నంతవరకు ఆ తేడా సరిపోవును. ఎంజిను నిక్షేపముగా నడచును. యజమాని సంతోషించి డబ్బు ఇచ్చి వెళ్ళును. ఇందులో ఎవరికి అన్యాయము జరిగినది?

ఎవరికిని లేదని వాదించువారి మాటను తేలికగా తోసివేయరాదు. కావలసినది సరియైన వేళకు నిప్పురవ్వ, అది వచ్చుచున్నది. గుర్తు సాధనమే గాని సాధ్యము కాదు. గుంటను పూజించుట మూఢత్వమేయగును. ఈ వాదములో చాల బలమున్నది.

అయినను రెండేండ్ల తరువాత వేరొక ఊరిలో వేరొకడు ఆ డిస్ట్రిబ్యూటరును విప్పును. అతడు రోటరును గుర్తులను నమ్మి, ఒంటిని ఉండవలసిన చోటుననే నిలిపి బిగించును. ఎంజిను సరిగా నడువదు. తన చేతిపనిలో తప్పు లేదు కనుక అతడు కార్బురేటరును అనుమానించును, టైమింగు గొలుసును అనుమానించును, బాగుగానున్న భాగములను మార్పించును. ఆ ఖర్చు యజమానిది, ఆ అపకీర్తి ఈ రెండవవానిది. మొదటివాడు ఆ సరికి మరచియే యుండును.

గుంట అనునది ఒక పనివాడు మరొక పనివానికి ఇచ్చిన మాట. ఆ మాటను తప్పినవాడు దానిని చెప్పివేసినచో దోషము చాల భాగము తొలగును. డిస్ట్రిబ్యూటరు మీద రంగుతో కొత్త గుర్తు పెట్టి, యజమానికి తెలిపి, రసీదులో ఒక పంక్తి వ్రాసినచో తిరగబడిన గేరు వలన ఎవడును మోసపోడు. కీడు చేసినది తిరగబడిన గేరు కాదు, దానిని గూర్చిన మౌనము.

లోహము విషయములోను ఇదే న్యాయము. పోత ఇనుప కామ్‌షాఫ్టుకు పోత ఇనుప గేరు సరిపోవును. కొన్ని ఉక్కు కామ్‌షాఫ్టులకు కంచు గేరు పెట్టుదురు. అది మెత్తనిది, తానరిగి ఖరీదైన కామ్‌షాఫ్టును కాపాడును. కంచు గేరు పెట్టుట మోసము కాదు. అది త్వరగా అరుగునని, నడుమ నడుమ విప్పి చూచుకొనవలెనని చెప్పకుండుట మోసము.

1996 నుండి వచ్చిన కొన్ని ట్రక్కు ఎంజినులలో డిస్ట్రిబ్యూటరును తిప్పి నిప్పురవ్వ వేళను సవరించుటకు వీలులేదు. గేరు తిరగబడినచో కంప్యూటరు కనిపెట్టి హెచ్చరిక దీపమును వెలిగించును. అచట పనివాని నిజాయితీకి పరీక్ష లేకపోయినది. మంచిదే, అయితే దీపమునకు భయపడి సరిచేసినవానిని, దీపము లేనిచోట మరల విప్పినవానిని ఒకే త్రాసులో తూచరాదు.

మరల విప్పినవాడు పోగొట్టుకొనునది ఎంత? కొంత సమయము, ఒక కొత్త పిన్ను. ఆ సమయమునకు యజమాని వద్ద కూలి అడుగరాదు, పొరపాటు తనది గనుక. ఇల్లు గడుచుట కష్టముగానున్నవానికి అదియు తక్కువ కాదు. కనుక తెలివైనవాడు పిన్ను కొట్టుటకు పూర్వమే డిస్ట్రిబ్యూటరును చేతిలో నిలువుగా పట్టుకొని, పైన రోటరు కొనను, క్రింద గుంటను ఒక్కమారు పోల్చి చూచును.