పొగబండి ధ్వని: అనుకరణ ధర్మము

లేనిదానిని ఉన్నట్లు వినిపించుట అసత్యమగునా? ఈ ప్రశ్న నాటకమంత పాతది. గాని నేడు కొత్త వేషమున మన ముందునకు వచ్చినది. కంప్యూటరు తెరపై రైలు నడుపు ఆటలు కలవు. వానిని ట్రైన్ సిమ్యులేటర్లందురు. 2001లో మైక్రోసాఫ్టువారు అట్టిదానినొకటి వెలువరించి, ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అను ఆంగ్లదేశపు ఆవిరి ఇంజనును అందు చేర్చిరి. పిమ్మట వచ్చిన ఓపెన్ రైల్స్ ఉచితముగనే లభించుచున్నది. మన దేశపు అభిమానులును మన ఇంజనులను ఇట్టి ఆటలలో నిర్మించుచున్నారు. రూపము గీయుట ఒక పని; ధ్వని కూర్చుట మరియొక పని. ఈ రెండవదానియందే ధర్మసూక్ష్మము కలదని మా తలంపు.

రెండు సిలిండర్ల ఇంజనులో ఆవిరి పిస్టనుకు ఇరువైపుల పనిచేయును. కావున చక్రమొకమారు తిరుగునప్పటికి పొగగొట్టమునుండి 4 ఊపిరులు వెడలును. మన డబ్ల్యు.పి. తరగతి ఇంజను నడుపుచక్రపు వ్యాసము 1.7 మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగమున సెకనుకు 7కు మించిన ఊపిరులు వినబడవలెను. బరువు లాగుచు బయలుదేరునప్పుడు ఆవిరిని సిలిండరులోనికి చాలసేపు విడుతురు. మ్రోత గట్టిగను విడివిడిగను ఉండును. వేగమందుకొన్న తరువాత ఆవిరిని త్వరగా ఆపుదురు, మ్రోత మెత్తబడును. రెగ్యులేటరు మూసి పల్లమున జారునప్పుడు ఊపిరి యణగి, కడ్డీల చప్పుడే మిగులును.

ఈ ధ్వనిని కూర్చువారు రెండు తెగలు. ఒకడు పట్టియుంచిన మ్రోతను ముక్కగా కోసి, వేగమునుబట్టి త్వరత్వరగా త్రిప్పును. అతని ఇంజనుకు నిండుబండియు ఒట్టిబండియు నొక్కటే. వేరొకడు ఆవిరి, బరువు, ఎత్తుపల్లములనుబట్టి మ్రోత మారునట్లు చేయును. మొదటివాడు ఫలమును అనుకరించును; రెండవవాడు కారణమును అనుకరించును. సత్యమునకు దగ్గరివాడు రెండవవాడే.

మన ఆలంకారికులు ఈ విషయమును విడువలేదు. శ్రీశంకుకుడు చిత్రతురగ న్యాయమును చెప్పెను: పటమందలి గుర్రమును చూచునప్పుడు కలుగు ప్రతీతి నిశ్చయము గాదు, భ్రమ గాదు, సంశయము గాదు, పోలిక గాదు, అది వేరు. కావున అనుకరణము అబద్ధము గాదు. అభినవగుప్తుడు ఈ వాదమును అంగీకరింపలేదు. రాముని రతిని ఎవ్వరును చూచి యుండలేదే, చూడనిదానిని నటుడెట్లనుకరించును?

ఈ ఆక్షేపమే నేటివారికిని తగులుచున్నది. మన దేశమున పెద్ద పట్టాలమీది నిత్యప్రయాణముల ఆవిరి ఇంజనులు 1995తో ముగిసినవి. రాజమహేంద్రవరమున 1900లో తెరచిన హేవ్‌లాక్ వంతెన 1997లో విశ్రమించినది. ఆ ఉక్కు దూలములపై బొగ్గు ఇంజను మ్రోతను నేటి యువకుడు ఎట్లెరుగును? పట్టియుంచిన ధ్వని దొరకనిచో అతడేమి చేయవలెను?

ఊహింపవచ్చును, గాని ఊహనని చెప్పవలెను. ఉప్పాడ తీరమును సముద్రము కోసివేయుచున్నది. నీటిపాలైన వీధులను ఒకడు వృద్ధులనడిగి గీచి, తెలియని చోట చుక్కల గీత పెట్టినచో అది మేలైన పటము. తోచినట్లు గీచి, ఇదే పాత ఉప్పాడ యన్నచో అది మోసము. ఆ యూరి నేతయు ఇదే చెప్పును. అద్దకపు చీర దోషము గాదు. దానిని ఉప్పాడ జాందానీ యని అమ్ముటయే దోషము. సీమ ఇంజను కూతను మన ఇంజనుకు తగిలించి నిజమనుటయు నట్టిదే.

ఆట కదా, ఎవరికి నష్టమని కొందరందురు. ఆ మ్రోత వెనుక బొగ్గు పోసిన ఫైర్‌మన్ చెమట కలదు. ఎక్కుడులో ఇంజను రొప్పినప్పుడెల్ల అతని పార విసరుట హెచ్చెడిది. ఎక్కుడును పల్లమును ఒక్కతీరున మ్రోగించువాడు ఆ శ్రమను చెరిపివేయును. మరియు రేపటి బాలుడు అసలు మ్రోతను వినబోడు; ఇదే అతనికి ప్రమాణమగును. ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణమని నైయాయికులనిరి. వినోదమునకు ధ్వని కూర్చువాడు తానెరుగకయే ఆప్తుని పీఠముపై కూర్చుండుచున్నాడు. ఆ పీఠమునకు తగినట్లు, విన్నది విన్నదనియు, ఊహించినది ఊహించినదనియు చెప్పుట అతని ధర్మము.