ఎవరి బరువు? ఎవరి భారము?

మనుష్యుడు వ్యాధిగ్రస్తుడగుట నూతన విషయము కాదు. కాని వ్యాధి వచ్చినప్పుడు దాని వెల నెవరు చెల్లింపవలెనను ప్రశ్న ప్రతి తరమునందును క్రొత్తగా లేచుచున్నది. కాయకష్టము చేయువాడు తన దేహమును తానే కాచుకొనవలెనా? వాని శ్రమవలన లాభము పొందిన యజమాని పాలు పంచుకొనవలెనా? ప్రభుత్వము భరింపవలెనా? లేక పొరుగువారును సంఘమును ఆదుకొనవలెనా? ఇది లెక్కల పుస్తకమునకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు, మనస్సాక్షికి చెందినది.

అపొస్తలుడైన పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయమున, కొద్ది వాక్యముల యెడములోనే, పరస్పర విరుద్ధములుగా తోచు రెండు సంగతులు చెప్పుచున్నాడు. ఒకచోట విశ్వాసులు ఒకరి భారమును మరియొకరు మోయవలెననుచున్నాడు. మరియొకచోట ఎవరి బరువు వారిదే యనుచున్నాడు. తెలుగు అనువాదకులు ఈ రెండు తావులలో ‘భారము’, ‘బరువు’ అని వేర్వేరు పదములు వాడి చదువరులకు మేలు చేసిరి. ఏలయనగా గ్రీకులోను అవి వేర్వేరు పదములే. మొదటిది ‘బారోస్’, అనగా మనిషిని క్రుంగదీయునది. రెండవది ‘ఫోర్తియోన్’, ఓడలోని సరకునకును మనిషి మోయు మూటకును చెల్లు మాట. ప్రయాణమునకు బయలుదేరినవాడు తన మూట తాను మోసికొనుట న్యాయమే. బండరాయి మీదపడిన వానితో నీ రాయి నీవే ఎత్తుకొమ్మనుట మాత్రము న్యాయము కాదు.

ఈ భేదము వినుటకు సులభము. సూరతు మరమగ్గముల నడుమ నిలిచి చూచినప్పుడు అది అంత సులభముగా కనబడదు.

తపతీ తీరమందలి ఆ నగరము కృత్రిమ నూలు వస్త్రములకు ప్రసిద్ధి. చేతిమగ్గము కూడు పెట్టలేని కాలమున తెలంగాణ జిల్లాలనుండి అనేక పద్మశాలి కుటుంబములు అచ్చటికి వలసపోయి, లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడినవి. అచ్చటి నగరపాలక పాఠశాలలలో తెలుగులో బోధించునవియు నున్నవి. ఒడిశాలోని గంజాం జిల్లావారు వేలాదిగా అదే పనిలో నున్నారు. మగ్గముల చప్పుడులో పండ్రెండు గంటల పాళీ. కూలి సాధారణముగా నేసిన మీటర్ల లెక్కన. ఏండ్లు గడచినకొలది చెవులు మందగించును. జ్వరము వచ్చిన దినమున ఇట్టివానికి నష్టము రెండింతలు: వైద్యునికి రూకలు పోవును, ఆనాటి కూలియు పోవును. పట్టణమున గది అద్దె, ఇంటికి పంపవలసిన సొమ్ము మాత్రము ఆగవు. అప్పుడు మిత్తికి అప్పు తెచ్చుట తప్ప మార్గముండదు.

ఈ ఆపదను ఎరిగియే దేశము చట్టము చేసికొనెను. 1944లో బి. పి. అదార్కర్ సమర్పించిన నివేదిక పునాదిగా 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము పుట్టెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఈ.ఎస్.ఐ. పథకము ప్రారంభమాయెను. 2019 జూలై నుండి యజమాని వేతనముపై నూటికి 3.25 రూపాయలును, కార్మికుడు 0.75 రూపాయలును చెల్లించునట్లు ఏర్పాటాయెను. దీనివలన కార్మికునికే గాక కుటుంబమునకును వైద్యము దొరకును. ఆసుపత్రి చికిత్సకే గాక సామాన్య జ్వరమునకును దొరకును. పనిచేయలేని దినములకు వేతనములో నూటికి 70 వంతున, ఏడాదికి 91 దినములవరకు భత్యమును కలదు. పౌలు చెప్పిన రెండు సంగతులును ఇందు కలసికొనుచున్నవి. కార్మికుడు తన మూట తాను మోయుచున్నాడు. భారమును అందరును కలసి ఎత్తుచున్నారు.

అట్లైన చిక్కెక్కడ? సాధారణముగా పదిమంది పనివారున్న చోటనే ఈ చట్టము యజమానిని కట్టివేయును. ఒకే కప్పు క్రింద నున్న మగ్గములు కాగితముపై వేర్వేరు చిన్న సంస్థలుగా చీలిపోవుట మరమగ్గముల పరిశ్రమలో ఎరుగని సంగతి కాదు. హాజరు పట్టీలో పేరు లేనివానికి చట్టము కంటికి కనబడుచున్నను చేతికి అందదు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, పదిమందికి తక్కువైన చోట్లను యజమానియు అధిక సంఖ్యాకులైన పనివారును సమ్మతించినచో చేరుటకు త్రోవ చూపుచున్నది. అయితే బలహీనుడు బలవంతుని సమ్మతికొరకు ఎంతకాలము వేచియుండవలెను?

ఉద్యోగముతో నిమిత్తము లేని పథకములును వచ్చినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ, గుజరాతులో 2012లో ముఖ్యమంత్రి అమృతం, 2018 సెప్టెంబరులో దేశమంతటికి ఆయుష్మాన్ భారత్ ప్రారంభమైనవి. ఈ చివరిదానివలన కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయలవరకు ఆసుపత్రి చికిత్స లభించును. గుజరాతు 2023 జూలైలో దానిని 10 లక్షలు చేసెను. జాబితాలో పేరున్న కుటుంబము పరరాష్ట్రములోని గుర్తింపుపొందిన ఆసుపత్రిలోను చేరవచ్చును. వలసజీవికి ఇది గొప్ప మేలు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారము, వైద్యవ్యయములో ప్రజలు చేతినుండి నేరుగా పెట్టుకొను పాలు 2013–14లో నూటికి 64.2 వంతులుండగా, 2021–22 నాటికి 39.4 వంతులకు తగ్గెను. ఈ మేలును చులకన చేయరాదు.

అయినను ఆ కార్డు ప్రధానముగా ఆసుపత్రి పడకవరకే. మధుమేహమునకు నెలనెలా కొను మాత్రలు, పిల్లవాని దగ్గునకు వైద్యుని రుసుము, పోయిన కూలి దాని లెక్కలో చేరవు. పెద్ద వ్యాధిని భారమనియు, చిన్న వ్యాధిని ఎవరి బరువు వారిదనియు పథకము విభజించినది. కలిగినవానికి ఆ విభజన సరిపోవును. దినకూలికి సరిపోదు. ఒకనికి మూటయైనది మరియొకనికి బండరాయి కాగలదు. తూకము వస్తువునుబట్టి మాత్రమే కాక, మోయు భుజమునుబట్టియు చూడవలెను.

మత్తయి సువార్త 23వ అధ్యాయమున ప్రభువు, మోయశక్యము కాని బరువులు కట్టి జనుల భుజములమీద పెట్టి, వ్రేలితోనైనను వాటిని కదిలింపని పెద్దలను గద్దించెను. గ్రీకు మూలమున ఈ రెండు మాటలును అచ్చట ఒక్కచోట చేరినవి: ‘ఫోర్తియోన్’ అను మూటకు ‘బారోస్’ సంబంధమైన విశేషణము తోడైనది. మూట తనంతట తాను భారము కాలేదు. పైవారు కట్టిపెట్టినందున భారమాయెను. కాబట్టి ‘ఎవరి బరువు వారిదే’ యని పలుకువాడు ఆ బరువును కట్టినదెవరని మొదట విచారింపవలెను. కార్మికుని పేరు పట్టీలో వ్రాయక తన పాలు మిగుల్చుకొనినవాడు, ఆ పాలును కార్మికుని మూటలోనే కట్టియున్నాడు.

ఉచితము సోమరితనము నేర్పునని కొందరందురు. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. అందుచేతనే కార్మికుడును తన చందా ఇచ్చుట మంచిది. గుజరాతులోనే 1972లో ఇలా భట్ స్థాపించిన సేవా సంస్థ, 1992లో తన సభ్యులైన నిరుపేద స్త్రీలకు బీమా ఏర్పరచెను. పేదలు చందా చెల్లింపగలరని అది చూపెను. వారు ఒంటరిగా చెల్లింపలేరన్నదియు అంతే నిజము.

వ్యాధి ఒకని సొంత వ్యవహారము కాదని సూరతు ఒకమారు భయముతో నేర్చుకొనెను. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త వ్యాపింపగా లక్షలాది జనులు నగరము విడిచి పారిపోయిరి. ప్రైవేటు వైద్యులనేకులు తలుపులు మూసివేసిరి. రోగులకు ప్రభుత్వ సివిల్ ఆసుపత్రియే దిక్కాయెను. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు కాలమున చెత్తయు మురుగును తొలగింపబడి, నగరము పరిశుభ్రతకు పేరొందెను. పేదల వాడలోని మురుగు శేఠుగారి మేడకును చేటేయని అందరికిని తెలిసెను. తెగులు లేని కాలమునందు ఈ పాఠము నిలుపుకొనుట కష్టము.

సంఘము చేయదగినది కొండంత కాకపోవచ్చును. వలస వచ్చిన సహోదరుని కుటుంబము పేరు జాబితాలో నున్నదో లేదో విచారించుట, గుజరాతీ చదువలేనివానికి ఫారము నింపియిచ్చుట, నెలనెలా మందులకు జన ఔషధి దుకాణము చూపుట, వ్యాధిదినములలో కూలి పోయిన ఇంటికి బియ్యము పంపుట, ఇవి చేతనగును. అంతకు ముందు చేయవలసినది మరియొకటి కలదు. మన పాఠశాలలలో ఊడ్చు ఆయా పేరు, మన ఆసుపత్రుల కాపలాదారుని పేరు, మన యిండ్లలో అంట్లు తోము సహోదరి జ్వరదినపు కూలి, ఏ పట్టీలో నున్నవి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పక శేఠును నిందించుట, వ్రేలు కదపని వారి వరుసలో నిలుచుటయే యగును.

చదువరీ, నీ మూట నీవు మోయుము. అది నీ గౌరవము. నీ పొరుగువాని వీపుమీద నున్నది మూటయో బండరాయియో దూరమునుండి తెలియదు. దగ్గరకు పోయి చేయి వేసి చూడుము.