ఎల్.డిస్.

నాన్న రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహశీల్దారుగా రిటైరయ్యాడు. పని తేలిన ఫైలు మీద ఒక గుర్తు వేసి రికార్డు గదికి పంపడం ఆయనకి వేలసార్లు చేసిన పని. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. అంటే పదేళ్లు. ఎల్.డిస్. అంటే ఏడాది దాటితే పారేయొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి అలవాటు, దొరలు పోయినా పోలేదు.

పోయినేడు మా ఊళ్లో పొలం బాట దగ్గర తగాదా వచ్చింది. అవతలాయన "ఇక్కడ బాట కావాలని ఎన్నడూ ఎవరూ అడగలేదు" అన్నాడు. మా నానమ్మ అడిగింది. ముప్పయ్యేళ్ల కింద వేలిముద్ర వేసి అర్జీ ఇచ్చింది. నకలు ఇమ్మని దరఖాస్తు పెడితే, నిబంధనల ప్రకారం ధ్వంసం చేశామని ఒక్క ముక్క జవాబొచ్చింది.

కోపంగా వెళ్లి నాన్నకి చూపించాను. "చర్య అక్కర్లేదని మూసేసుంటారు. నేనైనా ఎల్.డిస్.యే వేసేవాణ్ణి" అన్నాడు. సొంత తల్లి అర్జీ అని తెలిసే అన్నాడు.

ఆ మాటే నన్ను వదలడం లేదు. ఇచ్చిన పట్టా శాశ్వతం, కాదన్న అర్జీ ఏడాది. ఒక తరం గడిచేసరికి ఎవరూ ఏమీ అడగనట్టే కనిపిస్తుంది. ఇందులో దుర్మార్గుడెవడూ లేడు. మా నాన్నలాంటి నిజాయితీపరులు చాలు.

"అన్నీ దాస్తే ఏదీ దొరకదురా" అంటాడాయన. నిజమే. పైగా ఎవరి మీదో ఎప్పుడో పెట్టిన తప్పుడు ఫిర్యాదు కాగితం కాలిపోవాలనే నేనూ కోరుకుంటాను. అంటే నాకు పనికొచ్చేవి ఉండాలి, ఇంకొకరికి ముల్లయ్యేవి పోవాలి. నాకూ ఒక ఎల్.డిస్. ఉంది!

అయినా ఒక తేడా ఉందనుకుంటాను. సమాచార హక్కు చట్టం కింద, అడిగిన కాగితాన్ని ధ్వంసం చేసిన అధికారికి రోజుకి 250 రూపాయలు, మొత్తం 25,000 దాకా జరిమానా పడొచ్చు. గడువు తీరాక, ఎవరూ అడగకముందు తగలబెడితే ఏమీ లేదు. కానీ తన అర్జీ ఆఫీసులో భద్రంగా ఉందనుకునే మనిషి ముందే ఎందుకడుగుతుంది? కాల్చే ముందు ఆ జాబితా నోటీసు బోర్డుకి అంటించడానికి కాస్త మైదా జిగురు చాలు.

రాత్రి నాన్నే ఫోన్ చేశాడు. "అర్జీ పోయినా, ఆ సీటు పర్సనల్ రిజిస్టర్లో అమ్మ పేరూ, విషయమూ ఒక లైను రాసుంటారు. అది ఉందేమో అడుగు. సంవత్సరం సరిగ్గా రాయి."