అడవిపందుల వాటా

సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండ్ నుంచి కరీంనగర్ రోడ్డు పట్టుకుని శామీర్‌పేట దాటాక, ఒక రైతుకు పన్నెండెకరాల చెలక ఉండేది. అందులో గుట్టవారనున్న మూడెకరాలను అతని తాత కాలం నుంచి గొడ్డలి తాకలేదు. తునికి, మోదుగ, రేల... ఎవరూ నాటని చెట్లు.

తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ వచ్చాక ఆ వైపు భూమి ధర గజాల్లో చెప్పడం మొదలైంది. బోయిన్‌పల్లిలో ఉంటున్న పెద్దకొడుకు ఒక బ్రోకర్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

"చెట్లు పోతాయని రంది వద్దు పెద్దాయనా. వెంచర్ల పార్కు వదుల్తం, మూడొందల మొక్కలు పెడ్తం."

"మంచిది. ముందుగాల ఆ పార్కు పెంచు. అండ్ల నా మునిమనుమరాలు తునికిపండ్లు ఏరుకున్ననాడు రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం."

బ్రోకర్ నవ్వి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. పెద్దకొడుకు మాత్రం నవ్వలేదు.

"మాటలు బాగనే ఉంటయి బాపూ. ఏటా ఆ అడవిలకెల్లి పందులొచ్చి పల్లిచేను తవ్విపోతయి. నా కాలేజీ ఫీజుకు మిత్తికి తెచ్చింది గసొంటి ఏడాదే. అడవి నీది, నష్టం మాది."

ముసలాయన చాలాసేపు మాట్లాడలేదు. అబద్ధమైతే కదా, కాదనడానికి!

తర్వాత కొన్నాళ్లకు పంపకాలు పెట్టాడు. చెలక రెండు వాటాలు, అడవి ఉమ్మడి. కాగితం మీద ఇంకో లెక్క కూడా రాయించాడు: పందులు పాడుచేసిన పంటలో సగం నష్టం సాగుచేసే చిన్నోడిది, సగం పట్నంలో ఉన్న పెద్దోడిది.

"నేను దున్నను గదా, నేనెందుకు కట్టాలె?"

"ఎండకాలం సెలవులకు పిల్లలను ఏడికి తోలుతున్నవ్ బిడ్డా?"

పెద్దోడు సంతకం పెట్టాడు. సంతోషంగా పెట్టాడని మాత్రం చెప్పలేను.

నీతి: అడవిని కొట్టవద్దనే ప్రతివాడూ దాని నష్టంలో వాటా పంచుకోవాలి.

కథ సంగతి అలా ఉంచితే, నిజంగానే సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణ గారు తాతల నాటి భూమిలో సుమారు 70 ఎకరాలను అడవిగానే నిలిపారు. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద జలసాధన సమితి పెట్టి పోరాడిన మనిషి ఆయన. పత్రికల్లో చదివి అందరం మెచ్చుకుంటాం, మెచ్చుకోవడానికి ఖర్చేముంది? 2002 నాటి వాల్టా చట్టం కూడా సొంత భూమిలో చెట్టు కొట్టాలంటే అనుమతి తెచ్చుకోమంటుంది గానీ, కొట్టకుండా కాపాడిన ఏళ్లకు రైతు చేతిలో రూపాయి పెట్టదు.