నూకలు ఎవరికి?

ఉపాసకులు చేయకూడదని బుద్ధుడు చెప్పిన వ్యాపారాలు ఐదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. బియ్యం అందులో లేదు. అన్నం పెట్టే గింజను అమ్మడం తప్పని ఎవరంటారు? అయినా భిలాయిలో బతుకుతున్న మనం ఆ మాటతో ఊరుకోలేం.

మన చుట్టూ దుర్గ్, బాలోద్, ధమ్తరి జిల్లాల్లో ఎటు చూసినా వరే. చాలాచోట్ల వేసేది పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన స్వర్ణ, 1010 రకాలు. విత్తనం గోదావరి నుంచి ఇక్కడికొచ్చింది. మిల్లాడిన బియ్యంలో కొంత మళ్ళీ గోదావరి తీరానికే, కాకినాడ రేవుకు, పోతుంది. హమాలీలు బస్తాలు బార్జీల్లోకి ఎత్తుతారు. ఒడ్డుకు దూరంగా లంగరేసిన ఓడలు వాటిని నింపుకుని బెనిన్, సెనెగల్, ఐవరీ కోస్ట్ వైపు సాగుతాయి. ఈ దేశపు రైలు పట్టాలు తయారుచేసే ఊరు మనది. సరుకు పోయే దారిలో మన చెయ్యి లేదనడం కుదరదు.

సెనెగల్‌లో నూకలంటే ఇష్టం. ఆ ఇష్టానికి ఒక చరిత్ర ఉంది. ఫ్రెంచి పాలకులు అక్కడి రైతులను తమ నూనె మిల్లుల కోసం వేరుశనగ సాగులోకి దింపారు. తిండికేమో తమ మరో వలస అయిన ఇండోచైనా నుంచి నూకలు దించారు. అంటే రుచి కూడా వ్యాపారం చేసిన అలవాటే. మన ఇళ్ళలో నూకల జావ తాగి పనికి వెళ్ళిన పెద్దవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతి ఆపేసింది. చెప్పిన కారణాల్లో కోళ్ళ దాణా, ఇథనాల్ కూడా ఉన్నాయి. 2023 జులైలో బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతినీ ఆపింది. ఇక్కడ ధర పెరిగితే మన పేదవాడే నలుగుతాడు కనుక ఆ నిర్ణయాన్ని ఉత్తినే తప్పుపట్టలేం. కానీ ప్రపంచంలో చేతులు మారే బియ్యంలో 40 శాతం దాకా మనదే. ఇక్కడ ఒక సంతకం పడితే సముద్రం అవతల ఒక పూట కూడు ఖరీదవుతుంది. భూమ్మీద నూకలు చెల్లడం అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు.

ఇందులో ఎవరి కర్మ ఎంత? చేతనే కర్మ అన్నది ధమ్మం. మిల్లు యజమానికి గానీ, సంతకం పెట్టిన అధికారికి గానీ, పట్టా చేసిన కార్మికుడికి గానీ ఎవరినీ పస్తు పెట్టాలన్న ఉద్దేశం లేదు. అయితే అందరూ నిర్దోషులేనా? ఆకలిగొన్నవాడి గతజన్మ మీదికి నెట్టేద్దామంటే, పేదరికానికి పూర్వజన్మ పాపం కారణమనే వాదాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. కారణం ఈ లోకంలోనే వెతకాలి. మా ఉద్దేశంలో చేతన అంటే చెడు తలపు ఒక్కటే కాదు. తెలుసుకోగలిగినదాన్ని తెలుసుకోకుండా ఉండిపోవడం కూడా ఒక తలపే. దూరపు వ్యాపారం ఆ తెలియనితనాన్ని చాలా చవగ్గా అందిస్తుంది.

తెలుసుకోవలసినది సముద్రం అవతలే లేదు. కిలో బియ్యానికి వేల లీటర్ల నీరు పడుతుంది. తాందుల జలాశయమే ఈ పొలాలకూ ఆధారం, మన కర్మాగారానికీ ఆధారం. బస్తాతో పాటు ఆ నీరూ ఓడెక్కుతోంది. నిలవనీటి మడిలోంచి మీథేన్ లేచి గాలిలో కలుస్తోంది. అరికెలు, సామలు పండిన మెరక చేలలోకి కూడా వరి వచ్చేసింది. శాస్త్రవేత్త ఆర్.హెచ్. రిఛారియా ఇక్కడి రైతుల దగ్గర వేలాది వరి రకాలు సేకరించారు. మార్కెట్ అడిగేది నాలుగైదు. రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ విత్తన సంపద మీద 2002లో సింజెంటా కంపెనీతో ఒప్పందానికి సిద్ధపడితే, జనం ఎదురు తిరిగాక అది ఆగిపోయింది. అడిగితే ఆగుతుందని ఇక్కడే రుజువైంది.

స్థానికంగా పండింది తిని ఊరుకుందాం అంటారు కొందరు. సొంత పొలం ఉన్నవాడికి అది సులువే. సెక్టార్ క్వార్టర్లో ఉండేవాడికి, డకార్‌లో కూలి చేసుకునేవాడికి ఎవరో పండించి పంపితేనే కూడు. వ్యాపారం ఆగకూడదు; అందులో ఎవరి మాట చెల్లుతోందన్నదే ప్రశ్న. నిషేధం ఉన్న రోజుల్లోనూ ప్రభుత్వాలు కోరితే సెనెగల్‌కు, గాంబియాకు కొంత నూకలు పంపేందుకు అనుమతి ఇచ్చారు. ప్రభుత్వం అడిగింది కనుక ఆ దేశాల మాట వినబడింది. బస్తాలెత్తే హమాలీని, ధమ్తరి రైతును, డకార్‌లో వండే ఇల్లాలిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.