సత్కార్యానికీ లెక్క ఉంది



మేలు చేయాలని అందరూ అంటారు. చేసిన మేలు అవతలివారికి నిజంగా ఉపయోగపడిందా అని అడిగేవారు తక్కువ. ఈ ప్రశ్నపైనే నేడు ప్రపంచంలో పెద్ద పెద్ద సభలు జరుగుతున్నాయి. 2020 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరగవలసిన అటువంటి సభ ఒకటి కోవిడ్ వల్ల ఆన్‌లైన్‌కు మారింది. భావనపాడు ఒడ్డున కూర్చున్న యువకుడు కూడా సెల్‌ఫోన్‌లో ఇలాంటి చర్చలు వినగలిగే రోజులివి. వినడం మంచిదే. విన్న తర్వాత లేచి ఏం చేస్తాడన్నదే అసలు విషయం.

మనం జకాత్‌ను రెండున్నర శాతం చొప్పున పైసలతో సహా లెక్కకడతాము. కాని అది ఎవరి ఏ అవసరాన్ని తీర్చిందో చూడము. దివ్యఖుర్ఆన్ మాత్రం జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలను పేర్కొని మరీ నిర్ణయించింది (అత్ తౌబా : 60). అంటే ఇవ్వడం ఎంత విధో, చేరవలసిన చోటికి చేర్చడమూ అంతే విధి.

హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తల్లి మరణించారు. ఆమె తరఫున ఏ దానం శ్రేష్ఠమని ఆయన దైవప్రవక్త (సఅసం)ను అడిగారు. నీరు అని సమాధానం వచ్చింది. ఆయన బావి తవ్వించారు. గమనించండి, ఆయన తనకు తోచింది ఇచ్చేయలేదు. ముందు అడిగారు, తర్వాత ఇచ్చారు.

భావనపాడుకు ఉత్తరాన ఉద్దానం ఉంది. అక్కడ ఎన్నో కుటుంబాలను మూత్రపిండాల వ్యాధి కుంగదీసింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. అయినా డయాలసిస్ ఒక్కరోజుతో తీరేది కాదు. వారం వారం వెళ్ళిరావాలి. ఆ రోగికి కావలసింది పండ్ల బుట్టా, ఆటో కిరాయా, తోడు వచ్చే మనిషా? అడిగితేనే తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. బియ్యం ఆ పూట ఆకలి తీరుస్తాయి. కాని కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ రైతును గుర్తుంచుకున్నది ఎందరు?

జకాత్‌కు అర్హులు నిర్ణీతులు. సదఖా అలా కాదు, ఏ మతస్థుడైన పొరుగువాడికైనా ఇవ్వవచ్చు. అయితే ఇచ్చినదాన్ని ఎత్తిపొడిచి, గ్రహీత మనసు నొప్పించి వ్యర్థం చేసుకోవద్దని ఖుర్ఆన్ హెచ్చరించింది (అల్ బఖర : 264). ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. సంకల్పశుద్ధి, శ్రద్ధ మన చేతిలో ఉన్నాయి. ఆ రెంటి గురించే రేపు మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది.

కనుక ఈ నెల ఒక్క ఇంటి తలుపు తట్టండి. ఇవ్వడానికి ముందు, ఏం కావాలని అడగండి. కొద్దిపాటిదైనా విడవకుండా చేసే ఆచరణే అల్లాహ్‌కు ఎంతో ప్రీతికరమని దైవప్రవక్త (సఅసం) బోధించారు.

అల్లాహ్ మన దానాలను స్వీకరించి, వాటిని అవసరమైనవారికి చేర్చే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.