రుద్దుట, అద్దుట

మూలవ్యాధికి శస్త్రచికిత్స చేయించుకొని ఇంటికి వచ్చిన నాలుగవనాటి ఉదయమున, పెరటి స్నానాలగదిలో ఎనామిలు బేసినునందు గోరువెచ్చని నీళ్లు పోయించుకొని, అందు కూర్చుండి, మోకాళ్లపై చేతులుంచుకొని, గోడమీది సున్నపు పెచ్చులను లెక్కించుచున్న యొక వృద్ధునకు తత్త్వవిచారము కలుగుట కొందఱకు హాస్యాస్పదముగా తోచవచ్చును. నాకును మొదట నవ్వే వచ్చెను. కాని, డెబ్బదియేండ్లుగా శౌచమును గూర్చి పెద్దలు చెప్పగా విని, పిన్నలకు చెప్పి, దాని యర్థమేమని యొక్కనాడును ప్రశ్నించుకొనని నాకు, ఆ పావుగంట నిర్బంధపు తీరికలో ఒక సందేహము పొడసూపెను: మనము ఈ శరీరమును కడుగుకొనుట దానిపై రోతచేతనా, దానియందలి దయచేతనా?

మా యింట శౌచమనగా తోముటయే. మా నాయనమ్మ మడికట్టుకొని, చింతపండును బూడిదయు కలిపి, కొబ్బరిపీచుతో ఇత్తడిచెంబును అద్దమువలె మెఱయువఱకు తోమెడిది. ఆ పీచు మా వీపులమీదికి రాకుండుట మా పూర్వపుణ్యము. రుద్దినకొలది శుద్ధి యను నమ్మకము నాకు ఉగ్గుపాలతో వచ్చినది. ఆసుపత్రినుండి వచ్చిన మఱునాడు విరేచనమైన పిమ్మట ఆ నమ్మకముచొప్పుననే సబ్బు నురుగుచేసి, చన్నీటిని విసరికొట్టి, ముతక తువాలుతో గట్టిగా తుడిచికొంటిని. కన్నులు బైర్లు క్రమ్మెను. కట్టు మార్చుటకు వచ్చిన కాంపౌండరు తువాలుమీది నెత్తుటి మరకను చూచి, "అది ఇత్తడి చెంబా బాబుగారూ, తోమడానికి? రుద్దకండి, అద్దండి" అనెను. నే నెఱిగిన వ్యాఖ్యాతలలో ఇంత క్లుప్తముగా చెప్పినవాడు లేడు.

అతడు నేర్పిన విద్య పెద్దది కాదు. సబ్బు వలదు, వాసననూనెలు, ఘాటైన మందునీళ్లు వలదు. చెంబుతో సన్నగా వంచిన గోరువెచ్చని నీరు చాలును. విరేచనమైన ప్రతిసారియు, మఱి దినమునకు రెండు మూడు మారులును, పది పదిహేను నిమిషములు ఆ నీట కూర్చుండవలెను. పిమ్మట పలుమార్లు ఉతికి మెత్తబడిన పాత మల్లుపంచ గుడ్డతో తడిని అద్ది తీయవలెను. ముక్కరాదు, ముక్కవలసిన యవసరము రాకుండుటకై నీళ్లు దండిగా త్రాగి, ఆకుకూరలు తిని, వైద్యుడు చెప్పినచో ఇసబ్గోలు కలుపుకొనవలెను. అప్పుడప్పుడు ఒకటి రెండు నెత్తుటిచుక్కలు కనబడుట మామూలే గాని, నెత్తురు ధారకట్టినను, జ్వరము తగిలినను, మూత్రము బిగిసినను బేసినును నమ్ముకొని కూర్చుండక వైద్యునియొద్దకు పరుగెత్తవలెనని అతడు రెండుమార్లు చెప్పెను.

ఈ మెత్తదనమున కొక కారణము కలదు. లండనులోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన మిల్లిగన్, మోర్గన్ అను వైద్యులు 1937లో ప్రకటించిన పద్ధతిలో, మొలలను కోసి తీసిన చోటును కుట్టి మూయక తెఱచియే యుంచెదరు. పైన ముందుగా మూతపడినచో లోపల చీము నిలుచును గనుక, గాయము అడుగునుండి పైకి క్రమక్రమముగా పూడవలెను. అట్లు పూడునపుడు పుట్టు మాంసాంకురములు వరిమడిలో నారువంటివి, చేతిరాపిడికి ఊడివచ్చును. నొప్పిచే బిగుసుకొనిన వలయపు కండరము వెచ్చని నీటిలో సడలును. సడలినగాని నెత్తురు చక్కగా ఆడదు, పుండు మానదు. దేహములో మిక్కిలి మలినమని మనము తలవంచుకొను తావున, మూతలేని గాయము తనంతట తాను మానుట చూచిన పిదప, మలినమను మాటను పలుకుటకే నాకు కొంత సంకోచము కలుగుచున్నది.

ధర్మశాస్త్రములు ఈ విషయమున సిగ్గుపడలేదు. మనువు ఏ యవయవమునకు ఎన్నిమారులు మన్ను రాయవలెనో లెక్కచెప్పెను: గుదమునకు మూడు, ఎడమచేతికి పది, రెండు చేతులకును కలిపి ఏడు; గృహస్థుని లెక్కకు యతికి నాలుగింతలు. ఈ లెక్కలు నాకు చిన్ననాడే కంఠస్థములు. నాకెవ్వరును చెప్పనిది దక్షస్మృతిలోని మాట: శౌచమున తక్కువ చేయుట యెట్లో ఎక్కువ చేయుటయు నట్లే దోషము. పగటి శౌచములో సగమే రాత్రికి చాలునని, ఆతురునకు అంతకన్నను తగ్గించిన స్మృతికారులు, రోగి దేహము నియమముకొఱకు పుట్టలేదని యెఱిగినవారు. మన యిండ్లలో లెక్క మిగిలినది, సడలింపు మాసిపోయినది. కఠినమైనది నిలుచుటయు కరుణ గలది మఱపునపడుటయు మన ఆచారములకు పట్టిన పాత తెగులు.

పతంజలి మార్గము వేఱు. శౌచమువలన తన యంగములయందే జుగుప్స పుట్టునని యోగసూత్రము. ఎంత కడిగినను ఈ దేహము శుభ్రముగా నుండదని తెలిసినవానికి దానిపై వ్యామోహము తీరునని భాష్యకారుల తాత్పర్యము; దానిని నేను కాదనజాలను. కాని బేసినులో కూర్చున్నవానికి జుగుప్స ఔషధము కాదు. జుగుప్సయే చేతికి బలమిచ్చి రుద్దించును. జుగుప్సయే బాధను భార్యకైనను చెప్పనీయక దాచించి, విరేచనమునకు భయపడి బిగబట్టునట్లు చేసి, మలమును గట్టిపఱచి, మానుచున్న పుండును మరల చీల్చును. అదియునుగాక, పతంజలియే శౌచమును నియమములలో మొదట నుంచి, వానికి ముందటి యమములలో అహింసకు ప్రథమస్థానమిచ్చెను. ఆ వరుసను నేను గట్టిగా పట్టుకొందును: హింసలేని చేయియే శౌచమునకు అర్హము.

సుశ్రుతుడు గుదమును సద్యఃప్రాణహర మర్మములలో చేర్చి, అందలి మూడు వళులకు ప్రవాహణి, విసర్జని, సంవరణి యని పేరులు పెట్టెను. త్రోయునది, విడుచునది, మూయునది. రోతపడినవాడు ఇంత చక్కని పేరులు పెట్టడు.

బౌద్ధుల వినయపిటకమున ఈ ప్రస్తావన మఱింత దాపరికములేక నడచినది. మగధరాజగు బింబిసారునకు భగందరము కలిగి వస్త్రములు నెత్తుటితో తడియగా, రాజు ముట్టయినాడని రాణులు నవ్విరట. జీవకుడు లేపనముతో దానిని మాన్పెను. రాజగృహమున ఒక భిక్షువు భగందరమును కోసిన వైద్యుడు ఆ గాయమును ఉడుము నోటితో పోల్చి బుద్ధునియెదుటనే పరిహసింపగా, ఆ ప్రదేశమునకు రెండంగుళముల లోపల శస్త్రము తగుల్పరాదని బుద్ధుడు నిషేధించెను. ఆ నిషేధమును నేటి శస్త్రవైద్యుడు పాటింపడు, నేనును పాటింపలేదు; కాని మృదువైన తావున నవ్వులాడుచు కత్తి పట్టినవానిపై కలిగిన ఆ యాగ్రహము నాకు అర్థమగుచున్నది. భిక్షువులు గరుకు పుల్లతో తుడుచుకొనరాదనియు అందే నియమము కలదు. అతిసారముతో తన మలములోనే పడియున్న భిక్షువును చూచి, బుద్ధుడు తానే నీరుపోయగా ఆనందుడు కడిగెనని చెప్పిన గ్రంథమునకు, పుల్ల గరుకుదనము చిన్నవిషయము కాకపోవుట సహజము.

ఇంతటి పాండిత్యమును మఱునాటి ఉదయము మా యింటావిడకు వినిపింపబోతిని. ఆమె బేసినులో కాగునీరు పోయుచు, సగము విని, "ఏమండీ, అయిదుగురు పిల్లల్ని కడిగాను, ఎవర్నైనా రుద్దానా?" అనెను. అని, చీరకొంగు దోపుకొని, వంగి, చంటిబిడ్డ స్నానమునకు చూచినట్లు మోచేతిని నీళ్లలో ముంచి చూచి, ఇంకొక చెంబు చన్నీళ్లు కలిపెను.